వేళ్ళదాకా దిగిన భాస్వరం

చెల్లెలు ఆ మొక్కల ల్యాబులో చేరేనాటికి అక్క అక్కడ పాతకాపు. ఖాళీ ఉందని చెప్పి దరఖాస్తు పెట్టించిందీ, రేడియోధార్మిక భాస్వరాన్ని ప్లాస్టిక్ అడ్డం వెనక నుంచి ఎలా తీయాలో నేర్పిందీ ఆవిడే. ఏడాది తిరక్కుండానే ల్యాబు నడిపే పెద్దసారు ఏ మొక్క గురించైనా ముందు చెల్లెల్నే అడగసాగాడు. అక్క పైకి నవ్వుతూనే ఉండేది. లోపల మాత్రం కుతకుత ఉడికిపోయేది.

ముదురాకు మీద వేసిన భాస్వరం అక్కడే ఉండిపోతుందని అక్క మొదట్నుంచీ వాదించేది. చెల్లెలు చిక్కుడు మొక్క ముదురాకు మీద ఒక చుక్క వేసి, కొన్నాళ్ళాగి మొక్కని పీకి, ఆరబెట్టి, చీకటి పెట్టెలో ఎక్స్‌రే ఫిల్ముకి అదిమి ఉంచింది. భాస్వరం ఎక్కడికి చేరితే ఫిల్ము అక్కడ నల్లబడుతుంది. కడిగి చూస్తే వేళ్ళు జుట్టు విరబోసుకున్నట్టు నల్లగా పడ్డాయి.

అందరూ ఫిల్ము చుట్టూ మూగారు. అక్క చేతులు కట్టుకుని దూరంగా నిలబడింది.

"చుక్క మట్టిలోకి జారుంటుంది. చిన్నప్పట్నుంచీ ఏది పట్టుకున్నా ఒలకబోస్తుంది ఇది," అంది.

కొందరు నవ్వారు. చెల్లెలి మొహం మాడిపోయింది. పెద్దసారు నవ్వలేదు. అయితే నువ్వే మళ్ళీ చేసి చూడమని అక్కకే అప్పగించాడు.

అక్క మట్టి మీద మైనపు కాగితం కప్పి, కాండం చుట్టూ దూది బిగించింది. చుక్క కిందికి జారే సందే లేదు. ఇద్దరూ ఉండేది ఒకే అద్దెగదిలో, పక్కపక్క మంచాల మీద. అయినా అన్నాళ్ళూ చెల్లెలితో ముక్తసరిగానే మాట్లాడింది. ఎందుకలా ఉన్నావని ఫోన్లో అమ్మ అడిగితే తలనొప్పంది.

ఫిల్ము కడిగేటప్పుడు చీకటిగదిలో ఒక్కతే ఉంది. వేళ్ళ చోటు ఖాళీగా రావాలని ఎంతగా కోరుకుందో. ఎర్రదీపం కింద వేళ్ళు మెల్లగా తేలాయి, చెల్లెలి ఫిల్ములో కంటే నల్లగా. లైటు వేస్తే చాలు, వెలుగు తగిలి పాడైందని చెప్పుకోవచ్చు. స్విచ్చి మీద చెయ్యి వేసింది కూడా. కాసేపటికి చెయ్యి తీసేసి, పని పూర్తిచేసి, తడి ఫిల్మునే పెద్దసారు ముందుకు పట్టుకెళ్ళింది. చెల్లెలూ అక్కడే ఉంది.

"చుక్క జారలేదు సార్. దాని మాటే నిజం," అంది, అటు చూడకుండానే.

తర్వాతి మీటింగులో చెల్లెలు రెండు ఫిల్ములూ పక్కపక్కన పెట్టి, అక్క మట్టి మీద కాగితం కప్పి మళ్ళీ చేయకపోతే తన మాట ఎవరూ నమ్మేవాళ్ళు కారని చెప్పింది. అందరూ అక్కవైపు మెచ్చుకోలుగా చూశారు. ఇంత మంచితనం కూడా దీనికే రావాలా అని అక్కకి ఒళ్ళు మండింది.

సాయంత్రం గదిలో చెల్లెలు టీ కలిపి అందించింది. అక్క వద్దనబోయి తీసుకుంది. రెండు గుక్కలు తాగాక అంది:

"ఈసారి భాస్వరం బదులు కాల్షియం పెడదాం. అది మాత్రం ఆకు దాటి కదలదు. చుక్క నేనే వేస్తా."