పెద్దాయన వేషం

గల్ఫ్‌లో, జింజ్ అనే పేటలో నేను డ్రైవరుగా పనిచేసే ఇంటికి మేడం వాళ్ల నాన్న యూరప్ నుంచి నెల రోజులుండడానికి వచ్చాడు. రెండో రోజు కారు అద్దంలో ఆయన ఎడమ కనుబొమ్మ పైకి లేవడం చూసి నాకు గుండె జారింది. ఆ కనుబొమ్మ నాకు తెలుసు! చిన్నప్పుడు మెట్‌పల్లిలో చూసిన డబ్బింగ్ దయ్యాల సినిమాల్లో రక్తం తాగినాయన ఈయనే. సినిమాలో గొంతు పిడుగు పడ్డట్టు ఉండేది. అసలు గొంతు మాత్రం పీల. ఏసీ కొంచెం తగ్గిస్తావా అని ఎంత మెల్లగా అడిగేవాడో.

ఆయనతో నాది ముక్కల ఇంగ్లీషు. అయినా బాగానే కుదిరింది. మొదట్లో నాటకాల్లో నౌకరు వేషాలు వేశాడట. ఎవరో దర్శకుడు ఆయన లోతు బుగ్గలు, పొడుగాటి వేళ్లు చూసి శవపేటికలో పడుకోబెట్టాడు. అంతే, నలభై ఏళ్లు అదే పని. "ఎన్నిసార్లు చచ్చారు సర్?" అని అడిగితే, ఉమ్మ్ అల్ హస్సామ్ సిగ్నల్ దగ్గర వేళ్లు మడవడం మొదలుపెట్టి సనాబిస్ దాకా లెక్కపెట్టాడు. కాల్చారు, నీళ్లలో ముంచారు, గుండెలో మేకు దించారు. హాల్లో జనం చప్పట్లు కొట్టేది తను చచ్చినప్పుడేనట. ఆ మాట ఏ బాధా లేకుండా చెప్పాడు.

బాధంతా మనవరాలితోనే. ఆరేళ్ల పిల్ల. బడిలో ఎవరో ఆయన సినిమా ముక్క ఒకటి ఫోన్లో చూపించారు. అందులో తాత ఒకావిడ మెడ కొరుకుతున్నాడు. ఆ రోజు నుంచి పిల్ల ఆయన ఉన్న గదిలోకి రాదు. అన్నం కూడా వంటింట్లోనే. ఆయన వెళ్లిపోవడానికి ఇంక వారమే ఉంది. "ఒక్కసారి నా పక్కన కూర్చుంటే చాలు" అన్నాడు కారులో.

ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? మా ఊళ్లో చెక్క చిడతలు వాయిస్తూ చిరుతల రామాయణం ఆడేవాళ్లు, రావణుడు మా నాయనే. ఆట అయిపోయాక, రంగు కడుక్కోకముందే, జడుసుకున్న పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని బెల్లం ముక్క పెట్టేవాడు. దాంతో భయం పోతుందని మా ఊరి నమ్మకం. ఈ సంగతి చెప్పగానే పెద్దాయన ముఖం వెలిగిపోయింది. రంగుల డబ్బా ఆయన పెట్టెలోనే ఉంది. శుక్రవారం పొద్దున గది తలుపు మూసుకుని తెల్లటి ముఖం, నల్లటి కళ్లగుంటలు, కోరపళ్లు అన్నీ సిద్ధం చేసుకున్నాడు. నేను బెల్లం ముక్క ఆయన చేతిలో పెట్టి, పిల్లను పిలిచి తలుపు తీశాను.

పిల్ల పెట్టిన కేకకు ఇల్లంతా అదిరింది. వెళ్లి ఫ్రిజ్ వెనక దూరింది. మేడం పరుగెత్తుకొచ్చి, ఈ తెలివితక్కువ ఆలోచన ఎవరిదని అరిచింది.

"నాదే" అన్నాడు పెద్దాయన, నా వైపు చూడకుండా. బెల్లం ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

ఆ ఇంట్లో వంటచేసే అక్కది జగిత్యాల. ఆమె నన్ను వంటింట్లో నిలబెట్టి కడిగేసింది.

"నీకేమన్న దిమాక్ ఖరాబైందా తమ్మీ? మీ నాయిన రంగు పూసుకునేటప్పుడు పోరగాండ్లు సుట్టూ కూసుంటుండె గద? మా ఊర్లె గట్లనే. ఎవలు పూసుకుంటున్నరో ముంగటనే చూసినంక గంత భయమేడిది? నువ్వేమో తలుపు పెట్టి దయ్యాన్ని తయారుజేసి పోరి ముంగట నిలవెడితివి!"

నిజమే. నాయన రంగు పూసుకుంటుంటే అద్దం పట్టుకునేది నేనే. అదెలా మరిచిపోయానో! సిగ్గుతో చచ్చిపోయాను. మేడం దగ్గరకు వెళ్లి ఆలోచన నాదేనని ఒప్పుకున్నాను, పని పోతే పోయిందనుకున్నాను. ఇంకొక్కసారి, ఈసారి పిల్ల కళ్ల ముందే వేషం కట్టనివ్వమని బతిమాలాను. ఆమె చాలాసేపు తిట్టి, చివరికి తను పక్కనే ఉంటానంటూ ఒప్పుకుంది.

మర్నాడు మధ్యాహ్నం పెద్దాయన హాల్లో ఉత్త ముఖంతో కూర్చున్నాడు. అద్దం నేను పట్టుకున్నాను. పిల్ల మొదట అక్క చున్నీ పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గరే నిలబడింది. ఒక చెంప తెల్లబడేసరికి సోఫా దాకా వచ్చింది. కనుబొమ్మ కుదరడం లేదని ఆయన నటిస్తే, ఉండబట్టలేక కుంచె లాక్కుని తనే దిద్దింది. ఘోరంగా దిద్దింది. కోరపళ్లు కూడా తనే పెట్టింది.

తర్వాత చెక్క గరిటె తెచ్చి, ఇక చచ్చిపొమ్మని పొడిచింది. ఆయన తూలాడు, సోఫా పట్టుకున్నాడు, జారి కార్పెట్ మీద వెల్లకిలా పడి కదలకుండా అయిపోయాడు. పని తెలిసిన మనిషి కదా, ఊపిరి కూడా కనిపించనివ్వలేదు. పిల్ల పకపకా నవ్వింది. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. గరిటె పారేసి, ఆయన ఛాతీ మీద పడి, రెండు చేతులతో చొక్కా గుంజుతూ ఏడ్చింది.

"లే తాతా! వద్దు, లే!"

ఆయన లేచాడు. పిల్ల ఆయన ఒళ్లోంచి దిగలేదు. గౌనంతా తెల్లరంగు అంటుకుంది. బెల్లం ముక్క నేనే తెచ్చిచ్చాను.

ఆయన్ను ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లింది కూడా నేనే. టెర్మినల్ కనబడుతుండగా అన్నాడు: "ఇన్నేళ్లలో నన్ను లేవమన్నది అదొక్కతే."

నేను అద్దంలోకి చూడలేదు. అడక్కుండానే ఏసీ తగ్గించాను.