సలాబత్‌పురాలో మా ఊరేగింపు

మా మగ్గాల కార్మికుల్లో, తాను మగవాళ్లనే ప్రేమిస్తానని బాహాటంగా చెప్పిన మొదటి మనిషి కాకా. మాలాంటివాళ్ల హక్కుల కోసం సూరత్‌లో మొదట వీధికెక్కిందీ ఆయనే.

ఈ ఏడాది మా హక్కుల ఊరేగింపుకు ఆయన మోకాళ్లు సహకరించలేదు. నేనూ, నా జతగాడూ ఆయనను చీరల మూటలు మోసే తోపుడుబండి మీద కూర్చోబెట్టి సలాబత్‌పురా గుండా నెట్టుకెళ్లాం. డప్పుల చప్పుడుకు ఒక తెలుగు దుకాణదారు బయటికొచ్చాడు.

"పెండ్లి ఎవరిది కాకా?"

కాకా మా ఇద్దరినీ చూపించాడు. "గీ పోరగాండ్లది. ముహూర్తమే పెట్టలే. జర దీవించు."

పెళ్లి మాట మేమింకా ఒకరితో ఒకరం కూడా అనుకోలేదు. దుకాణదారు మమ్మల్ని కాసేపు చూసి, "సల్లగుండుండ్రి" అన్నాడు.

నవ్వు ఆపుకోలేక బండిని అడ్డదిడ్డంగా తోశాం.

"సక్కగ నూకుండ్రి, పడ్త," అంటూ కాకా కూడా నవ్వాడు.