చంద్రుడి మీద మా హైజంపు

సైన్సు పాఠాలు చెప్పి బతికే నేను ఆరో ఎక్కం దగ్గర బోర్లాపడ్డానంటే మీరు నవ్వుతారు. నవ్వండి, మా బావ ఎలాగూ ముందే నవ్వేశాడు.

ఉమ్మడి రాష్ట్రం రోజులు. సీతాఫల్‌మండిలో మా చర్చివాళ్లు వేసవి సెలవుల్లో పిల్లలకు బైబిలు బడి పెట్టేవారు. పాటలయ్యాక సైన్సు కబుర్లు నావి, ఆటలు మా అక్క భర్తవి. మిలిటరీలో రిటైరైన మనిషి, సైనిక్‌పురి నుంచి స్కూటరు మీద వచ్చేవాడు. పిల్లలు ఎవరి చుట్టూ మూగుతారన్నదే మా బావాబామ్మర్దుల పోటీ.

ఓ సాయంత్రం నాలుగడుగుల ఎత్తున పట్టిన తాడును దాటి, ఇసుకలో కూలబడి, లేచి, ప్యాంటు దులుపుకుంటూ ప్రకటించాను.

"చంద్రుడి ఆకర్షణ మన భూమిలో ఆరో వంతే. అక్కడైతే ఇదే దూకు ఇరవై నాలుగడుగులు! చర్చి గంట కొట్టి దిగొచ్చు!"

పిల్లలు ఈలలు వేశారు. చంద్రుడిదాకా ఎందుకు, నా కాళ్లు అప్పటికే నేల మీద లేవు.

బావ తాపీగా వచ్చి నా నడుం మీద చెయ్యేశాడు.

"ఏందిరా బామ్మర్దీ, ఉత్తగ నిలబడితేనే నీ నడుము మూడడుగుల మీదుంది. అది దుంకుడు గాదు, మా అత్తమ్మ పోసిన పాలు."

"అయితే?"

"నువ్వు నడుము లేపింది ఒక్కటే అడుగు. ఆడ ఆరైతది. మూడు కలుపు, తొమ్మిది. కంపౌండు గోడ దుంకుతవ్. గంట గింట బంద్ జెయ్!"

లెక్క నిజమే. పిల్లలంతా ఆయన వైపు చేరిపోయారు. చంద్రుడి మీద కాదు, సీతాఫల్‌మండిలోనే ఈ గురువుగారి గురుత్వం ఆరో వంతుకు పడిపోయింది.

గెలిచినవాడు ఊరుకోవచ్చుగా! మర్నాడు బావ ఇంకో మెట్టెక్కాడు.

"చంద్రుని మీద గంత ఎత్తుకెళ్లి పడితె మోకాళ్లు పచ్చడైతయ్. జెర పైలం బిడ్డా!"

నా ప్రాణం లేచొచ్చింది.

"బావా, ఎత్తు ఆరింతలైనా కిందికి లాగే బలం ఆరో వంతే. ఏ వేగంతో లేస్తామో అదే వేగంతో దిగుతాం. చంద్రుడో చిలకలగూడో మోకాలికి తెలీదు."

బావ ఆకాశం వైపు చూశాడు, ఇసుక వైపు చూశాడు. "అవ్ గదా," అన్నాడు, బామ్మర్ది అనడం కూడా మరిచిపోయి.

అక్కడితో వదిలేస్తే నేను మంచివాణ్ణే. కానీ సెలవులు అయిపోయేదాకా ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ తాడు ముందు ఆగి, చేతులు కట్టుకుని, ఎంతో భయభక్తులతో బావనే అడిగారు: "అంకుల్, దుంకాల్నా? మోకాళ్లు పైలమేనా?"

ఆ భయభక్తులు నేర్పింది నేనే.