కిటికీ ఆవు కాపరి

ఆ పశుపరిశోధన క్షేత్రంలో ఆయన అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు తప్ప వినిపించేది కాదు. చిన్నా పెద్దా అందరికీ ఆయన కిటికీ బాబాయే. ఆ పేరు ఇంటిపేరు కంటే గట్టిగా అంటుకుపోయింది. దానికి కారణం బొల్లి.

బొల్లి నుదుటి మీద తెల్లమచ్చ ఉన్న ఎర్రావు. దాని ఎడమ డొక్కలో, పక్కటెముకలు అయిపోయిన చోట, మనిషి చెయ్యి పట్టేంత గుండ్రటి రంధ్రం ఉండేది. పశువైద్యులు మత్తు ఇచ్చి, పైచర్మాన్నీ లోపలి పొట్టనూ కలిపి కుట్టి, ఆ రంధ్రానికి రబ్బరు చట్రం, చట్రానికి మూత బిగించారు. క్షేత్రంలో అందరూ దాన్ని కిటికీ అనేవాళ్ళు. మూత తీస్తే నేరుగా పొట్టలోకి చెయ్యి పెట్టవచ్చు. తిన్న మేతలో ఏది అరిగింది, ఏది అరగకుండా మిగిలింది అని చూడడానికి చేసిన ఏర్పాటు అది. మొదటిసారి చూసినవాళ్ళు ముక్కున వేలేసుకునేవాళ్ళు. బొల్లి మాత్రం, ఆ గొడవ తనది కానట్టు, నెమరు వేసుకుంటూ నిలబడేది.

ఓసారి బడిపిల్లలు చూడడానికి వచ్చినప్పుడు ఒక చిన్నపిల్ల ముందుకొచ్చి, "దానికి నొప్పెయ్యదా తాతా?" అని అడిగింది.

"ఎప్పుడో మానిపోయిందమ్మా. నువ్వు చెవులు కుట్టించుకున్నావు కదా, ఇప్పుడు నొప్పేస్తోందా?"

"లేదు. మరి చలేస్తే?"

"అందుకేగా మూత పెట్టింది."

పిల్లలు నవ్వారు. పంతులమ్మ కూడా నవ్వింది. బస్సెక్కి వాళ్ళు వెళ్ళిపోయాక ఆయన ఆ మాటలన్నీ మళ్ళీ బొల్లికి చెప్పుకున్నాడు. ఆ రోజుకి ఆయన మాట్లాడిన మనుషులు వాళ్ళే.

ఆయన్ని పెంచింది అక్క. తల్లి ఊహ తెలియకముందే పోతే, అక్క తన పిల్లలతో పాటు తమ్ముణ్ణీ చంకనేసుకుని పెంచింది. క్షేత్రంలో పని చూసిపెట్టింది బావ. పెళ్ళి చేసింది మళ్ళీ అక్కే. వచ్చిన అమ్మాయి మంచిదే. చిక్కల్లా ఇద్దరికీ నోట్లో నాలుక లేకపోవడం. మాటరాని మొగుడికి గలగలలాడే పెళ్ళామైనా పడాలి, లేదా అటుది ఇటైనా కావాలి. ఇద్దరూ అలాంటివాళ్ళే అయితే ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఏముంటుంది? ఆ చప్పుడుతోనే కొన్నేళ్ళు గడిచాయి. పిల్లలు కలగలేదు.

అప్పుడే ఆయన్ని బొల్లి దగ్గర వేశారు. పొట్టలో చెయ్యి పెట్టి తీసే పని కనుక, భుజం దాకా తొడుగు వేసుకున్నా, సబ్బుతో ఎంత తోమినా, పులిసిన గడ్డి వాసన చేతిని వదిలేది కాదు. భార్య పక్క వేరే గదిలోకి మార్చుకుంది. కొన్నాళ్ళకి అన్నగారింటికి వెళ్ళింది. ఎందుకొచ్చావని అడిగినవాళ్ళకి, "ఆ వాసన నేను పడలేను" అని చెప్పిందట. అది నిజమే కావచ్చు. కానీ ఆమె చెప్పగలిగిన కారణం అదొక్కటే అని ఆయనకు తోచింది. మిగతాది చెప్పడానికి ఆమెకీ మాటలు లేవు, అడగడానికి ఆయనకీ లేవు. ఈ వారం వెళ్దాం, వచ్చే వారం వెళ్దాం అనుకుంటూనే చాలా ఆలస్యం చేశాడు. చివరికి వెళ్ళిననాడు బావమరిది గుమ్మంలోనే నిలబడి, "ఇప్పుడు గుర్తొచ్చామా బావా? అది కుట్టుమిషన్ నేర్చుకుని తన బతుకు తను బతుకుతోంది. వదిలెయ్" అన్నాడు. లోపలి నుంచి మిషన్ చప్పుడు వినిపిస్తూనే ఉంది. అది ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఆయన వెనక్కి తిరిగాడు.

డాక్టరమ్మ ఆ తర్వాత వచ్చింది. మందులిచ్చే డాక్టరు కాదు, పశువుల మేత మీద చదువుకున్న మనిషి. ఎండాకాలం పచ్చిక ఎండిపోయాక చిన్న రైతుల పశువులకి మిగిలేది ఎండుచొప్ప. పొట్ట నిండుతుంది గానీ ఒంటికి పట్టదు. కంచెల వెంబడి దానంతటదే పెరిగే ఒక పొద ఆకుని ఎండబెట్టి చొప్పలో కలిపితే ఆ చొప్ప బాగా అరుగుతుందని ఆమె ఆలోచన. ఆకు తక్కువైతే ఉపయోగం లేదు, ఎక్కువైతే చేదు. ఏ పాళ్ళలో కలపాలో తేల్చాలి.

పని ఇలా ఉండేది. మేతని పొడి చేసి, సన్నటి నైలాను సంచుల్లో పోసి, మూతి బిగించి తాడుకి కట్టేవాళ్ళు. ఆయన బొల్లి వీపు మీద ఒక చెయ్యి ఆనించి, రెండో చేత్తో మూత తీసి, ఆ సంచుల్ని లోపల మేత కింద ఒత్తి పెట్టేవాడు. తర్వాత ఒక్కొక్కటే తీసి, నీళ్ళు తేటపడేదాకా కడిగి, ఆరబెట్టి ఇస్తే డాక్టరమ్మ తూచేది. మిగిలింది ఎంత తక్కువుంటే మేత అంత బాగా అరిగినట్టు. చలికాలం ఉదయాల్లో ఆ పని ఆయనకి ఇష్టం. బయట ఊపిరి పొగలా కనిపిస్తుంటే, లోపల చెయ్యి వెచ్చగా ఉండేది. పొట్ట గోడ మెల్లగా వచ్చి చేతిని ఒత్తి, మళ్ళీ వదిలేది. ఆయన్ని ఏడాది పొడుగునా మరే ప్రాణీ తాకింది లేదు.

సెలవు రోజుల్లో క్షేత్రమంతా ఖాళీ. సంచులకి సెలవుండదు కనుక వాళ్ళిద్దరే వచ్చేవాళ్ళు. ఒకసారి డాక్టరమ్మ టీ ఫ్లాస్కుతో షెడ్డు గుమ్మం దగ్గర ఆగి, ఆయన బొల్లితో చెబుతున్న కబుర్లు విన్నది.

"మీరు ఇంత మాట్లాడతారని నాకు తెలీదు బాబాయ్" అంది.

ఆయన సిగ్గుపడ్డాడు. "మనుషులతో అయితే మాటకి మాట అందించాలి కదమ్మా. దీంతో ఆ బెడద లేదు."

ఆమె నవ్వి టీ పోసింది. ఆమెకీ ఆ పరాయి ఊళ్ళో ఎవరూ లేరు. వాళ్ళిద్దరూ గోడకి చేరబడి టీ తాగారు.

ఆకు ఎక్కువ కలిపిన విడతలో బొల్లి జబ్బుపడింది. మేత ముట్టలేదు, డొక్క డోలులా ఉబ్బింది. ఆయన ముందు చూసి, డాక్టరమ్మకి కబురు పంపి, మూత వదులు చేశాడు. బుస్సుమని గాలి పోయింది. పశువైద్యుడు వచ్చి మందు వేసి వెళ్ళేదాకా ఆమె బొల్లి మెడ పట్టుకుని నిలబడింది.

"తప్పు నాదే బాబాయ్. నేను ఇంకా నెమ్మదిగా పెంచాల్సింది."

"తెలీకే కదమ్మా ఇదంతా చేసేది" అన్నాడాయన. "అన్నీ ముందే తెలిస్తే మనకిక్కడ పనేముంది?"

బొల్లి కోలుకుంది. ఆ ఆకుని కొద్దికొద్దిగా అలవాటు చేస్తూ పోతే చివరికి పాళ్ళు కుదిరాయి. చొప్ప బాగా అరగసాగింది. తేన్పుల్లో వృథాగా పోయే వాయువు కూడా తగ్గిందని యంత్రం చూపించింది. పాడి పశువుల మీద కూడా పరీక్షించాక రైతుల్ని పిలిచి సభ పెట్టారు. డాక్టరమ్మ ఎవరికైనా అర్థమయ్యేలా చెప్పింది. సభ చివర్లో ఒక రైతమ్మ బొల్లి గంగడోలు నిమిరి, "ఎంత ఓర్పు తల్లీ నీకు" అంది. పలుపు పట్టుకుని నిలబడ్డ ఆయనకి, ఎవరో తన ఇంటి మనిషిని మెచ్చుకున్నట్టు అనిపించింది.

మంచి వెనకే చెడ్డ అంటారు. పని ఫలించడంతో డాక్టరమ్మని పెద్ద క్షేత్రానికి రమ్మన్నారు. అక్కడ ఇంకో రకం మేత మీద పరిశోధన. బొల్లి కూడా అక్కడికే.

"నేనూ వస్తానమ్మా" అన్నాడాయన. అంతకుముందు ఎవరినీ ఏదీ అడిగి ఎరగడు.

"అడిగాను బాబాయ్. ఒకటికి రెండుసార్లు అడిగాను. మీ ఉద్యోగం ఈ క్షేత్రానిది. అక్కడ ఇదివరకే ఒక మనిషి ఉన్నాడట." ఆమె కళ్ళెత్తలేదు. "ఆవుని అడగకుండానే మార్చేస్తారు. మనిషి అడిగినా మార్చరు."

లారీ వచ్చింది. బొల్లి ఎక్కనంది. ముందుకి లాగారు, వెనక నుంచి నెట్టారు, కుడితి చూపించారు. నాలుగు కాళ్ళూ నేలకి పాతేసి నిలబడింది. చివరికి అందరూ ఆయన వైపు చూశారు. ఆయన పలుపు తీసుకుని తను ముందు ఎక్కాడు. బొల్లి ఆయన వెనకే ఎక్కింది. దాని తల కొయ్యకి కట్టి, గడ్డి ముందుకి జరిపి, పక్కనున్న సందులోంచి దిగిపోయాడు. లారీ గేటు దాటేదాకా అది తల వెనక్కి తిప్పాలని పెనుగులాడుతూనే ఉంది. నమ్మి ఎక్కిందే అన్న మాట ఆయన్ని చాలా రోజులు వదల్లేదు.

ఆయన్ని మేత కోసే యంత్రం దగ్గర వేశారు. ఆ చప్పుడులో మాట్లాడాలన్నా వినిపించదు. నెమ్మదిగా చేతి వాసన పోయింది. ఆయన గమనించనే లేదు. అక్క ఇంటికి భోజనానికి వెళ్ళినప్పుడు ఆవిడే అంది: "ఏరా తమ్ముడూ, వాసన పోయిందే. ఇప్పుడు మనిషిలా ఉన్నావు." ఆవిడ సంతోషంగానే అంది. ఆయన కంచంలోంచి తల ఎత్తలేదు.

వర్షాలు మొదలయ్యాక సెలవు పెట్టి, రెండు బస్సులు మారి ఆ పెద్ద క్షేత్రానికి వెళ్ళాడు. డాక్టరమ్మ ఆ రోజు ఏదో సభకి వెళ్ళిందట. పశువులశాల దారి అడిగి తెలుసుకుని వెళ్ళేసరికి, కంచె లోపల ఎండపొడలో బొల్లి నిలబడి ఉంది. ఒళ్ళు చేసింది. వెంట్రుకలు నిగనిగలాడుతున్నాయి. ఆయన నాలుకతో టక్ టక్ మని, పాత క్షేత్రంలో రోజూ చేసినట్టే, పిలిచాడు. బొల్లి తలెత్తి చూసింది. కాసేపు చూసింది. నెమరు ఆపలేదు.

అంతలో బుంగమీసాల మనిషి ఒకడు దాణా బకెట్టుతో వచ్చాడు. బొల్లి గబగబా అతని దగ్గరికి నడిచి, గడ్డం అతని భుజం మీద ఆనించింది.

"కొత్తవాళ్ళని అలాగే చూస్తుందండీ. ఏమీ అనదు, భయపడకండి" అన్నాడు మీసాలాయన.

"నేను ఇదివరకు దీన్ని చూసుకునేవాణ్ణి."

మీసాలాయన మొహం మారిపోయింది. బకెట్టు కింద పెట్టి, ఆయన్ని బల్ల మీద కూర్చోబెట్టి, టీ తెప్పించాడు. "మీరేనా! డాక్టరమ్మ మీ గురించి చెబుతూ ఉంటుంది. మొదట్లో రెండు రోజులు మేత ముట్టలేదండీ. తర్వాత నెమ్మదిగా అలవాటు పడింది." ఆయన కూడా కొన్ని జాగ్రత్తలు చెప్పాలనుకుని వచ్చాడు: ఉరుములకి బెదురుతుందనీ, కుడిపక్క నుంచి వెళితే చిరాకు పడుతుందనీ. చెప్పబోతుంటే మీసాలాయనే అవన్నీ చెప్పేశాడు.

వెళ్ళబోతుండగా అతను పొడవాటి తొడుగు అందించాడు. "ఓసారి చెయ్యి పెడతారా?"

ఆయన ఆ తొడుగు వైపు చూశాడు. "వద్దండీ. పని లేకుండా ఎందుకు తెరవడం" అన్నాడు.

తిరుగు బస్సులో పక్కసీటు పెద్దాయన ఊరుకునే రకం కాదు. "ఎక్కడి నుంచి బాబూ, ఎవరిని చూసి వస్తున్నావు?" అన్నాడు.

ఆయన 'ఆవుని' అనబోయి మానుకున్నాడు. ఆవు అంటే ఈయన నవ్వుతాడు, లేదా ఇంకా అడుగుతాడు. "అమ్మాయినండీ" అన్నాడు. "అత్తారింటికి పంపాం."

"బాగుందా?"

"బాగుందండీ. ఒళ్ళు చేసింది."

"ఇంకేం కావాలి? అక్కడ కలిసిపోయిందంటే నీ పెంపకం మంచిదనే" అని పెద్దాయన తన కూతుళ్ళ సంగతి మొదలుపెట్టాడు. ఆయన ఊఁ కొడుతూ, అద్దం మీద జారే వాన చూస్తూ కూర్చున్నాడు. దిగేటప్పుడు పెద్దాయన, "మళ్ళీ ఎప్పుడు వెళతావు?" అని అడిగాడు. "ఇంక వెళ్ళనవసరం లేదండీ" అన్నాడు.

మర్నాడు ఆయన పై అధికారి గదికి వెళ్ళి, యంత్రం దగ్గర వద్దు, దూడల షెడ్డుకి వెయ్యమని అడిగాడు. అడగడం రెండోసారికి కొంచెం తేలికైంది. అధికారి సరేనన్నాడు. దూడలు గుంపుగా ఉంటాయి, పాలు మరిచి మేత పట్టగానే వేరే షెడ్లకి వెళ్ళిపోతాయి. ఆయన వాటికి పేర్లు పెట్టలేదు. పొద్దున్నే చిమ్మి, ఎండుగడ్డి పరిచి, బలహీనమైన దాన్ని ముందు సీసాతో తాగించేవాడు. వాటితో మాత్రం కబుర్లు చెప్పలేదు. ఒకవేళ ఎవరైనా షెడ్డు గుమ్మంలో ఆగి వింటే, వినిపించేది గుటకల చప్పుడే.