పేరు చెప్పి నిలబడ్డ మనిషి

అక్షరాలు వంకరగా ఉంటే, తప్పులు దొర్లితే మన్నించండి. నేను చదివింది మూడు తరగతులే. మొన్న సోమవారం తెల్లవారుతుండగా మా అత్త పోయింది. నారాయణఖేడ్‌లో మన స్త్రీ సమాజానికి వచ్చే ఆడవాళ్ళలో ఆమెను ఎరగనివారు లేరు. అందుకే ఈ కాగితం పటేల్ ఇల్లు తప్ప మిగతా ఇళ్ళన్నీ తిరగాలని రాస్తున్నాను.

నలుగురిలో నోరు విప్పని నన్ను సభకు వెంటబెట్టుకుపోయింది ఆమే. మనమంతా జంపఖానా మీద కూర్చుంటాం. కుర్చీ అధ్యక్షురాలికి ఒక్కతికే. అది పటేల్ ఇంటి నుంచి వస్తుంది కాబట్టి ప్రతి ఏడూ పటేలమ్మే అధ్యక్షురాలు. ఒకరు పేరు చెప్పడం, ఇంకొకరు బలపరచడం, చప్పట్లు.

పోయిన ఏడు మా అత్త లేచింది.

"కుర్చి తెచ్చినోళ్ళే కూసోవాల్నని ఏడ రాసున్నది? మనకు అక్షరాలు దిద్దిచ్చే కిరాణా దుకాణం కన్నడామె పేరు నేను చెప్తున్న."

బలపరచేవారు లేకుంటే పేరు చెల్లదు. ఎవరూ కదలలేదు. అందరి ఇళ్ళ శిస్తు వసూలు చేసేది పటేలే కదా. చివరికి నాకే వినపడనంత మెల్లగా "బలపరుస్తున్నాను" అన్నాను. మా వైపు నాలుగు చేతులే లేచాయి.

ఓడిపోగానే మా వాళ్ళు వెళ్ళిపోబోయారు. అత్త ఆపింది. "కూసోండ్రి. ఓడినంక లేసిపోతే, రేపు మనం గెలిస్తె ఎవలు కూసుంటరు?" పటేలమ్మ కుర్చీ దగ్గరికి రాగానే అందరికంటే ముందు తనే లేచి నిలబడింది.

పటేలమ్మ మా అత్తకు చిన్నమ్మ బిడ్డ. బావి దగ్గర అత్త ఆమెను "ఏమే, కొంగు నీళ్ళల్ల పడ్తున్నది, కండ్లు లేవా" అని కసిరేది. సభలో మాత్రం "అధ్యక్షురాలమ్మ సెలవిస్తె ఒక మాట" అనేది.

"ఎక్కిరిస్తున్నవా అక్కా?" అని ఒకసారి పటేలమ్మ అడిగింది.

"లేదే. నిన్ను తిట్టేదుంటె ఇంటికొచ్చి తిడ్త. గీడ నువ్వు మా అందరి మనిషివి."

ఆ సభ సంగతి తెలిసి మా మామ రుసరుసలాడాడు. "గీ ఆడోళ్ళ పంచాయతి మనకెందుకే? శిస్తు పటేల్ చేతిల ఉన్నది." అత్తకు కోపం వస్తే రొట్టె కొట్టే చప్పుడు ఆగిపోతుంది. ఆ రోజు ఆగలేదు. "శిస్తు కడ్తనే ఉన్నం. నోరు గూడ కట్టుకోవాల్నా?" అంది.

పోయే ముందు, జ్వరం ముదిరాక, అత్త నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది. "ఈసారి గూడ ఆ కన్నడామె పేరే చెప్పాలె బిడ్డా. ఓడుతమని తెల్సినా చెప్పాలె. చెప్పకుంటె ఇంకో పేరే లేదనుకుంటరు."

వచ్చే శుక్రవారం సభ. మామ వద్దన్నాడు, మా ఆయన పొలానికి వెళ్ళిపోయాడు. పేరు నేను చెబుతాను. ఓడితే పటేలమ్మకు లేచి దండం పెట్టేదీ నేనే. కానీ బలపరచడానికి మీలో ఒకరు కావాలి. ఆ ఒకరు లేచేదాకా నేను కూర్చోను.

ఈ కాగితం ఎవరింట్లో దొరికితే వారికి చిక్కు. చివరగా చదివినవారు దీన్ని పొయ్యిలో వేసి, ఆ మంట మీదే పెనం పెట్టుకోండి.