బ్రేకు వేయని బావ

ఊరంతా గిరగిర అని పిలిచే ఫోటోగ్రాఫరుకు సైకిలు తొక్కడం వచ్చు, ఆపడమే రాదు. అడిగితే "బ్రేకు వేస్తే కెమెరా అదురుతుంది, లోపలి గాజుపలక చిట్లితే నేను చిట్లినట్టే" అనేవాడు. అందుకని ఫోటో తీయాల్సిన ఇల్లు వచ్చాక, వేగం దానంతటదే చచ్చేదాకా వాకిట్లో గిరగిరా తిరిగేవాడు. పలకరింపులన్నీ వాయిదాల మీదే. మొదటి చుట్టులో "బాగున్నారా?", రెండో చుట్టులో "ఏమన్నారూ?", మూడో చుట్టులో "అయ్యో పాపం!"

ఊరికిది వినోదం. అతని బావమరిది దర్జీకి మాత్రం ప్రాణసంకటం. ఆ కెమెరా జేబులో పట్టే సరుకు కాదు మరి. ట్రంకుపెట్టెంత చెక్కపెట్టె, మడతలు మడతలుగా సాగే తోలుతిత్తి, మనిషెత్తు ముక్కాలి స్టాండు. స్టాండును సైకిలు కడ్డీకి కట్టేవాడు. పెట్టె మాత్రం వెనక కూర్చున్న దర్జీ ఒళ్ళోకి వచ్చేది. రెండు చేతులూ పెట్టెకే చాలవు, ఇక తనను తాను పట్టుకునేదెలా? కళ కోసం ప్రాణాలివ్వాలనే పెద్దలెవరూ ఆ సీటు ఎక్కి చూసినట్టు దాఖలాలు లేవు.

"నెమ్మది బావా!"

"నెమ్మదిగా పోతే పడిపోతాంరా."

"వేగంగా పోతే?"

"కాస్త దూరంగా పడతాం. నువ్వు పెట్టె మీద పడకు, పెట్టే నీ మీద పడాలి."

ఒకరోజు బేకరీ యజమాని కబురు పెట్టాడు. "ఇంటిల్లిపాదికీ ఫోటో తీయాలి. అమ్మాయి మాత్రం రానంటోంది. ఆ పెట్టె కన్ను చూస్తే వణుకట."

కారణం దర్జీకి తెలుసు. వేడి రొట్టెల రేకు తగిలి ఆ పిల్ల చెంప మీద మచ్చ పడింది. ఆ తర్వాత గౌను కొలతలివ్వడానికి వచ్చి "మావయ్యా, కాలరు చెంపదాకా పెట్టవూ?" అంది. కాలరు మెడ దాటదని చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

బేకరీ ఉన్నది నిటారు వాలు అడుగున. దిగుతుంటే దర్జీకి చెవుల్లో గాలి హోరు. కళ్ళు మూసుకుంటే ఇంకా భయం, తెరిస్తే చెప్పనే అక్కర్లేదు. సైకిలు దూసుకెళ్ళి పిండిబస్తాల మధ్య చుట్లు మొదలుపెట్టింది.

"బావా, బస్తా! బావా, గోడ! అక్కకు చెప్పు, నా కుట్టుమిషను అమ్మొద్దని!"

తలుపు సందులో ఒక కన్ను కనిపించింది. మరు చుట్టుకు రెండు కళ్ళూ. ఆ తర్వాత పిల్ల ఒక్క ఉదుటున బయటికొచ్చింది. "కుడికి మావయ్యా! నాన్నా, రొట్టెలు తీయ్!" అని అరుస్తూ, తనే రేకులు పక్కకు లాగి, పొట్ట పట్టుకుని నవ్వింది. సైకిలు ఆగేసరికి మచ్చ సంగతే మరిచిపోయింది. అమ్మానాన్నల మధ్య నిలబడి, కెమెరా కంట్లోకి సూటిగా చూసింది.

తిరుగుదారిలో వాలెక్కి మళ్ళీ వేగం అందుకున్నాక ఒక ముసలమ్మ కర్ర పొడుచుకుంటూ అడ్డంగా దిగింది. దర్జీ గుండె ఆగింది. సైకిలూ ఆగింది. ఎంత మెత్తగా అంటే, పెట్టె కదలనైనా లేదు.

"బావా... బ్రేకుంది."

"ఉంది."

"పనిచేస్తోంది!"

"రబ్బర్లు మారుస్తూనే ఉంటాగా."

"మరి ఇన్నాళ్ళూ నా ప్రాణాలు ఎందుకు తోడేశావయ్యా?"

గిరగిర తల గోక్కున్నాడు. "ఈ పెట్టెను చూస్తే జనం బిగుసుకుపోతారురా. ఎంత చెప్పినా ఆ భయం పోదు. నీ మొహం చూస్తే పోతుంది. ఉన్న భయమంతా నువ్వే పడుతుంటే, వాళ్ళకింకేం మిగులుతుంది?"

"ముందే చెబితే నటించేవాణ్ణి కదా!"

"నీకు నటన రాదు."

ఆ మాట దర్జీకి గుచ్చుకుంది. తర్వాతి ఫోటో పళ్ళన్నీ ఊడిన ఒక రైల్వే గార్డుది. మూతి బిగించి కుర్చీలో కొయ్యబారి కూర్చున్నాడు. మొదటి చుట్టులోనే దర్జీ లంకించుకున్నాడు. "చచ్చాన్రో! కాపాడండ్రో!" గార్డు మూతి వణికింది. మూడో చుట్టుకు బోసినోరు బార్లా తెరిచి పకపకా నవ్వాడు.

"చూశావా నటన?" అన్నాడు దర్జీ గొప్పగా. "ఇక చాలు బావా, బ్రేకు వెయ్యి."

"వేశానురా," అన్నాడు గిరగిర గొంతు తగ్గించి. "వైరు తెగింది. నువ్వు అరుస్తూనే ఉండు."

ఆ ఫోటోలో గార్డు చిగుళ్ళన్నీ లెక్కపెట్టుకునేంత స్పష్టంగా కనిపిస్తాయి.