అర శృతి తక్కువ నెవిల్

నెవిల్ ఓల్డ్‌రాయిడ్ ఏ పాటనీ దాని సొంత శృతిలో వాయించనిచ్చేవాడు కాడు. అర శృతి దించాల్సిందే. రికార్డులో ఆ పాట ఎంత ఎత్తున ఉన్నా, పాడినవాళ్ళు ఎంత గొప్పవాళ్ళైనా సరే, మావాడు బేస్ గిటార్ మెడలో తగిలించుకుని, దాని నాలుగు తీగల్నీ తీరిగ్గా వదులు చేసి, మా అందరివంకా జాలిగా చూసి అనేవాడు: "అర శృతి దించుదాం."

"ఎందుకయ్యా?" అనేదాన్ని.

"తీగలు పాతవి. అంత బిగిస్తే తెగుతాయి."

"కొత్తవి వెయ్యి."

"ఇవి మంచి తీగలు, విన్నీ. మంచివాటిని ఎవరైనా మారుస్తారా?"

ఆ మంచి తీగలు 1963లో బిగించినవి. వాటిమీద పదిహేడేళ్ళ వేలి జిడ్డు, బీరు తుంపర, రొట్టెల పిండి కలిసి ఒక పొరలా గట్టిపడిపోయాయి. నెవిల్ పొద్దున పూట ఇంగ్లండు ఉత్తరాన మా ఊరు హడర్స్‌ఫీల్డ్ వీధుల్లో రొట్టెల వ్యాన్ తోలేవాడు. ఆదివారాలు అదే మా బ్యాండు వ్యాన్. మేం దిగిన ప్రతి క్లబ్బులోనూ ముందు మా వాసనకి జనాలకి ఆకలేసేది, తర్వాత పాట వినేవాళ్ళు.

అర శృతే కదా అని మీరనుకోవచ్చు. మీరు ఆర్గన్ వాయించరు కాబట్టి అనుకుంటారు. తెల్ల మెట్ల మీద హాయిగా నడిచే పాట అర శృతి దిగిందంటే నల్ల మెట్ల మీదికి ఎక్కి కూర్చుంటుంది. నా వేళ్ళు పగలంతా ఉన్ని బట్టల మిల్లులో సూది పట్టుకుని బట్టలో తప్పిన పోగులు సరిచేసి వచ్చిన వేళ్ళు. వాటికి ఆదివారం కూడా శిక్షే. సాక్సఫోన్ ఎగ్బర్ట్ పిన్నాక్ పరిస్థితి ఇంకా ఘోరం. "నెవిల్, నువ్వు దించేది పాటని కాదు నాయనా, నన్ను. గోతిలోకి," అని వాపోయేవాడు. కానీ బేస్ దిగిపోయాక మిగతావాళ్ళు పైన వేలాడలేరు. అందరం తిట్టుకుంటూ దిగేవాళ్ళం. ఒక్క డ్రమ్ముల హెర్బర్ట్ సగ్డెన్‌కే బాధ లేదు. డ్రమ్ముకి శృతితో పని లేదు. పైగా హెర్బర్ట్ నెలకోసారి మాట్లాడే మనిషి, ఆ ఒక్కసారీ టీ అడగడానికే.

ఈ పంతం నెవిల్‌కి ఖరీదైన పంతం. 1964లో వీడు 'ద హాలిడే కాలర్స్' అనే పాప్ బ్యాండులో ఉండేవాడు. నలుగురు కుర్రాళ్ళు, ఆకాశం రంగు సూట్లు, నలుగురికీ ఒకే క్షవరం. వాళ్ళ రికార్డు ఒకటి హిట్ పాటల జాతీయ జాబితాలో ముప్ఫై ఎనిమిదో స్థానం దాకా వచ్చి, కాస్త తొంగి చూసి, సిగ్గుపడి వెనక్కి వెళ్ళిపోయింది. లండన్‌లో మకాం పెట్టారు. వారానికి తొమ్మిది కచేరీలు. అక్కడ మేనేజరు ముందు మనవాడు నోరు విప్పాడు: "అర శృతి దించుదామండీ. తీగలు పాతవి." మేనేజరు రెండుసార్లు విన్నాడు. మూడోసారి హడర్స్‌ఫీల్డ్‌కి రైలు టికెట్టు కొని చేతిలో పెట్టాడు. నాలుగు నెలలకి వాళ్ళ గాయకుడు కాలిన్‌కి గొంతు పూర్తిగా పోయి ఆ బ్యాండే మూతపడింది.

"బాగా అయిందనుకున్నావా?" అని అడిగాను ఒకసారి.

"ఛ, కాలిన్ మంచివాడు. లండన్ గాలి పడలేదు పాపం."

ఆ తర్వాత జర్మనీలో అమెరికా సైనికుల క్లబ్బుల్లో నల్లవాళ్ళ సోల్ పాటలు వాయించి, ఒళ్ళంతా ఆ లయ పట్టించుకుని, 1970లో మా 'హయసింత్ అండ్ ద మెండర్స్'లో చేరాడు. మెండర్స్ అంటే నాలా తప్పిన పోగులు సరిచేసేవాళ్ళు. మొదటి నాలుగేళ్ళు బుద్ధిగానే ఉన్నాడు. 1974 చలికాలంలో జబ్బు తిరగబెట్టింది. నవంబరు పొగమంచు రోజుల్లో అయితే అర శృతి చాలదు, పూర్తి శృతి దించాలనేవాడు. "చలికి తీగలు బిగుసుకుంటాయి" అని సిద్ధాంతం. చలికి బిగుసుకున్నది ఇంకా వదులెందుకు చెయ్యాలో ఏ శాస్త్రమూ చెప్పదు.

మా హయసింత్ బెన్‌బో గురించి చెప్పాలి. జమైకా నుంచి పదహారేళ్ళ వయసులో వచ్చి, మా మిల్లులోనే ఉన్ని దువ్వే గదిలో చేరింది. ఆదివారం పొద్దున చర్చిలో దేవుడి కోసం, మధ్యాహ్నం క్లబ్బులో మా కోసం పాడేది. ఇద్దరిలో ఎవరికి బాగా పాడిందో దేవుడే చెప్పాలి. నెవిల్‌ని అందరికంటే గట్టిగా తిట్టేది తనే. "ఏమయ్యా ముసలి తీగలూ, ఇవాళ ఎంత లోతుకి తోస్తావు నన్ను?" అని చేతులు నడుము మీద పెట్టుకుని నిలదీసేది. నెవిల్ చెవులు ఎర్రబడేవి. "అర శృతే, హయసింత్. నన్ను తిట్టకు, తీగల్ని తిట్టు."

కార్మికుల క్లబ్బులంటే నాకు ప్రాణం, కానీ వాటి కమిటీల సంగతి దాచను. ఆడవాళ్ళకి పూర్తి సభ్యత్వం ఇవ్వరు, బిలియర్డ్స్ గదిలోకి రానివ్వరు. ఒకచోట ఒక కమిటీ మనిషి హయసింత్‌ని చూపించి, "నల్లవాళ్ళు పక్క తలుపులోంచి రావాలి" అన్నాడు. నేను యూనియన్ ప్రతినిధిని. అక్కడికక్కడే ఫిర్యాదు రాయడానికి కాగితం తీశాను. నేను తారీఖు వేసేలోపల నెవిల్ బేస్ గిటార్ ఎత్తి చూపించాడు. "దీని మెడ పొడుగండీ, పక్క తలుపులో పట్టదు. పైగా మేమంతా ఒకే తీగకి తగులుకుని ఉంటాం, విడివిడిగా నడవలేం." ఆ మనిషి ఆలోచనలో ఉండగానే అయిదుగురం పెద్ద తలుపులోంచి లోపలికి వెళ్ళిపోయాం. మొండితనం కూడా ఒక్కోసారి పనికొస్తుందనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు.

1980 వసంతం వచ్చేసరికి మా మిల్లు వారానికి మూడు రోజులే నడుస్తోంది. ఎప్పుడు మూస్తారో తెలియదు. అలాంటప్పుడు సెడ్రిక్ లమ్ అనే ఏజెంటు ఒక ఆదివారం మా పాట వినడానికొచ్చాడు. స్కార్‌బరో సముద్రం ఒడ్డు థియేటర్లో వేసవి అంతా, పన్నెండు వారాలు కచేరీ. మా అయిదుగురికీ అది బతుకుతెరువు. రెండో పాట మధ్యలో క్లబ్బు కార్యదర్శి మైకు లాక్కుని "మాంసం కూరిన రొట్టెలొచ్చాయి, వరసలో రండి" అని అరిచినా, హయసింత్ పాడుతుండగా ఒక్కరూ కుర్చీలోంచి లేవలేదు. లమ్ అది చూశాడు. కానీ చంకలో టేప్ రికార్డర్ తెచ్చుకున్నాడు. కచేరీ అయ్యాక అసలు రికార్డు పెట్టి వినిపించాడు.

"మీది కిందకుందే!"

"అర శృతండీ," అన్నాడు నెవిల్ వినయంగా. "తీగలు పాతవి."

"సెలవులకొచ్చినవాళ్ళు రికార్డులో విన్నదే వినాలనుకుంటారు. వచ్చే ఆదివారం మళ్ళీ వస్తా. పాటలు పూర్తి శృతిలో ఉండాలి. లేదా ఈ గిటారు మనిషిని మార్చండి. రెండూ కాకపోతే స్కార్‌బరో వేరేవాళ్ళకి."

బుధవారం మా వంటింట్లో సమావేశం పెట్టాను. హయసింత్‌కి సాయంత్రం షిఫ్టు, తను లేదు. నేనే అధ్యక్షురాలిని, నియమాల ప్రకారం నడిపించాను.

"నెవిల్, ఆఖరిసారి అడుగుతున్నా. కొత్త తీగలు మేమే కొనిస్తాం. పూర్తి శృతిలో వాయిస్తావా?"

"వాయించను, విన్నీ."

"నాలుగు ఇనప తీగల కోసం అయిదుగురి పొట్ట కొడతావా?"

వాడు టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు. "ఎవరి పొట్టా కొట్టొద్దు. నన్ను తీసేసి వేరేవాణ్ణి పెట్టుకోండి. హయసింత్‌తో మాత్రం..." అని ఆగాడు. "ఏం లేదులే. దగ్గు మందు వేసుకోమను."

ఓటు పెట్టాను. ఎగ్బర్ట్ తల దించుకుని చెయ్యెత్తాడు. హెర్బర్ట్ బాధలో రెండు చేతులూ ఎత్తేశాడు, నేను ఒక్క ఓటే లెక్కించాను. నెవిల్ తన కప్పు కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు.

శనివారం మధ్యాహ్నం చర్చి హాల్లో సాధన. కొత్త బేస్ మనిషి పేరు గ్యారీ. వాడి తీగలు అద్దాల్లా మెరుస్తున్నాయి. హయసింత్ వచ్చి చుట్టూ చూసింది.

"నెవిల్ ఏడి?"

"తీసేశాం," అన్నాను. "పూర్తి శృతిలో వాయించనన్నాడు. రేపు లమ్ వస్తున్నాడు కదా."

హయసింత్ కోటు విప్పి కుర్చీకి తగిలించింది. "సరే. మొదలుపెట్టండి."

తెల్ల మెట్ల మీద నా వేళ్ళు ఉత్సాహంగా పరిగెత్తాయి. రెండో చరణం చివర పాట పైకెక్కే చోటుకొచ్చాం. హయసింత్ గొంతు ఎక్కింది, ఎక్కింది, ఆ చివరి మెట్టు దగ్గర చిరిగిపోయింది. వెంటనే దగ్గు. చేత్తో స్తంభం పట్టుకుని చాలాసేపు దగ్గింది. ఎగ్బర్ట్ నీళ్ళు తెచ్చాడు. గ్యారీ తన మెరిసే తీగల వంక నేరస్తుడిలా చూసుకున్నాడు.

దగ్గు ఆగాక హయసింత్ నవ్వింది. "విన్నారుగా? ఆరేళ్ళయింది ఆ మెట్టు నాకు అందక. ఆ ఉన్ని గదిలో నూగు పీల్చి పీల్చి ఛాతీ నిండిపోయింది. చలికాలం ఇంకా కిందికి జారుతుంది."

ఉన్ని నూగు గురించి యాజమాన్యానికి నేను పదకొండు ఉత్తరాలు రాశాను. గాలి పంకాలు పెట్టండి, ఆడవాళ్ళ ఊపిరితిత్తులు పాడవుతున్నాయి అని. బట్టలో ఒక్క పోగు తప్పినా పది అడుగుల దూరంనుంచి పట్టేస్తాను. నాకు మూడడుగుల దూరంలో, ప్రతి ఆదివారం, ఆ నూగే పాడుతుంటే వినలేదు.

"నెవిల్‌కి చెప్పావా?" అన్నాను.

"ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. ఒక ఆదివారం ఆ పైమెట్టు దగ్గర కొంచెం జారాను, అంతే. మరుసటివారం వీడి తీగలు ముసలివైపోయాయి!"

"మరి నువ్వు అన్నేసి తిట్లు తిట్టేదానివి కదా!"

"తిట్టకపోతే మీకు అనుమానం రాదూ? నలభై నాలుగేళ్ళ ఆడదాని గొంతు దిగిందని తెలిస్తే ఈ లమ్‌లాంటివాళ్ళు ఇరవయ్యేళ్ళ పిల్లని వెతుక్కుంటారు. బేస్ తీగలు పాతబడితే ఎవరూ పట్టించుకోరు." మా ముగ్గురికీ వేలు చూపించింది. "నాకు తెలుసన్న సంగతి వాడికి చెప్పారో, చూడండి. సిగ్గుతో చచ్చి, గిటారు అటకెక్కించి రొట్టెలమ్ముకుంటాడు."

గ్యారీకి టీ, బిస్కెట్లు ఇచ్చి సాగనంపాం. నేను నెవిల్ ఇంటికెళ్ళాను. తలుపు తీశాడు.

"కొత్తవాడి తీగలు కీచుమంటున్నాయి," అన్నాను. "రేపు రా."

"చెప్పాను కదా," అన్నాడు, మొహమంతా వెలిగిపోతూ. "కొత్త తీగలతో అదే గొడవ."

ఆదివారం మధ్యాహ్నం సెడ్రిక్ లమ్ ముందు వరసలో టేప్ రికార్డర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నెవిల్‌ని చూడగానే మొహం చిట్లించాడు. "ఈయన ఇంకా ఉన్నారే! ఇవాళ పూర్తి శృతేనా?"

నెవిల్ నోరు తెరిచేలోపల నేను అందుకున్నాను. "మా గిటారు సంగతి పక్కన పెట్టండి సార్, నా ఆర్గన్‌కి చెమ్మ పట్టింది. పూర్తి శృతిలో దూడలా అరుస్తోంది. అర శృతి దించాలి."

నెవిల్ గిర్రున నా వైపు తిరిగాడు.

"నాకు కొత్త పళ్ళ సెట్టు," అన్నాడు ఎగ్బర్ట్. "ఆ ఎత్తుకి ఊదితే వెళ్ళి మీ బీరులో పడుతుంది. నాకేం అభ్యంతరం లేదు, మీ ఇష్టం."

లమ్ గబుక్కున గ్లాసు మీద చెయ్యి మూతపెట్టాడు. హయసింత్ పైకప్పులో బల్బులు చూస్తోంది, ఎన్నున్నాయో మాలో ఎవరో తనని అడిగినట్టు. నెవిల్ చెవులు మాత్రం టమాటాలయ్యాయి.

"ఏమిటిది, అందరూ కలిసి నాటకాలాడుతున్నారా?" లమ్ లేచి నిలబడ్డాడు. "ఆర్గన్‌కి చెమ్మ, ఈయనకి పళ్ళు, ఆయనకి తీగలు! బ్యాండులో ఒక్కటైనా సవ్యంగా ఉందా?"

అప్పుడు వెనకనుంచి ఎవరికీ పరిచయం లేని గొంతొకటి వినిపించింది. హెర్బర్ట్. టీ అడగడం లేదు.

"డ్రమ్ములు కూడా ఆ శృతికి ఎక్కవండీ."

లమ్ ఆగాడు. హెర్బర్ట్ ముందున్న అయిదు డ్రమ్ముల్నీ ఒకటొకటిగా చూశాడు.

"డ్రమ్ములు కూడానా?"

"చిన్నవాటిని ఎలాగో లాక్కురావచ్చండి. పెద్దదుంది చూశారూ, అది అస్సలు కదలదు."

లమ్ నెమ్మదిగా కుర్చీలో కూర్చున్నాడు. టేప్ రికార్డర్ కింద పెట్టి, కోటు జేబులోంచి స్కార్‌బరో ఒప్పందం కాగితాలు తీసి, పెన్ను మూత విప్పాడు.

"డ్రమ్ముల ఇబ్బందని మొదటే చెప్తే సరిపోయేది కదండీ," అన్నాడు నొచ్చుకుంటూ. "పాపం ఆ గిటారాయన్ని అనవసరంగా అన్నాను."